మోకాలి లోతే

భాద్రపద శుద్ధ పంచమి

ఇవాళ మెరక నుంచి పడవ వచ్చి ఇరవైమూడు లాప్‌టాప్‌లు దింపి వెళ్ళింది. బియ్యం వచ్చి నెలయింది. బడి పైకప్పుకి రేకులు కావాలని నేను మొదటిసారి అడిగినప్పుడు రెండో తరగతిలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. అడిగినవేవీ రాలేదు. అడగనిది మాత్రం అట్టపెట్టెల్లో, మెత్తటి దూది మధ్య, పిల్లకొకటి చొప్పున వచ్చింది. అడక్కుండా ఇచ్చేవాళ్ళని నేను ముందు కిందనించి పైదాకా ఒకసారి చూస్తాను. ఆ తర్వాతే చెయ్యి చాపుతాను.

వస్తువు ముచ్చటగానే ఉంది. చిలకపచ్చ రంగు, మోసుకెళ్ళడానికి పైన పిడి. మాకు కరెంటు లేదని వాళ్ళకి గుర్తున్నట్టుంది, పక్కన ఇంకో పిడి పెట్టారు. రోట్లో పచ్చడి రుబ్బినంతసేపు దాన్ని తిప్పితే పెట్టె ఒక పూట నడుస్తుంది. మూత మీద గాజుకన్ను ఒకటి. తెరవగానే ఎవరిదో ఆడగొంతు "నమస్కారం, నీ పేరేమిటి?" అంటుంది. పిల్లలు దానికి అప్పుడే "పెట్టెలో అక్క" అని పేరు పెట్టేశారు. అందరికంటే ముందు పేరు చెప్పింది నీలవేణి. నా బళ్ళో చురుకైన పిల్ల అది. గట్టు అంచున ఉన్న ఆఖరి ఇల్లు వాళ్ళది.

మాది ఆరో గట్టు. సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా మేం వెనక్కి జరిగి ఒక గట్టు పోసుకున్నాం. మొదటి అయిదూ ఇప్పుడు చేపలవి. మెరక మీద ఉండేవాళ్ళకి తేదీలుంటాయి. పోటు చంద్రుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి మాకు తిథులు చాలు.

టీచర్లు రోజూ దినచర్య ఆ పెట్టెలోనే రాయాలని మెరక కచేరీ ఉత్తర్వు. అందులో "అంతా బాగుంది" అని రాశాను. ఇది మాత్రం నాకోసం, కాగితం మీద, పెట్టెలవైపు వీపు పెట్టి కూర్చుని రాసుకుంటున్నాను.

భాద్రపద శుద్ధ దశమి

పాఠం బాగా చెప్తుంది, ఒప్పుకుంటాను. నేను మూడేళ్ళుగా ఎక్కించలేని భిన్నాలని అది తెరమీద చేపని ముక్కలు కోసి చూపించి అయిదు రోజుల్లో ఎక్కించేసింది. నాకు కాస్త కడుపుమంటగానే ఉంది.

కానీ పాఠం అయ్యాక రోజూ ఒక ప్రశ్న వేస్తోంది. "ఇవాళ మీ ఇంటి దగ్గర నీళ్ళు ఎంత లోతున్నాయి?" పిల్లలందరూ ఒకే మాట చెప్తున్నారు. "మోకాలి లోతే."

ఇంకేం చెప్తారు? మా గట్టు మీద నీటి లోతు నోటితో చెప్పరు. ఎవరు అడిగినా మోకాలి లోతే అంటారు. అసలు లోతు చెప్పేది చెయ్యి. నోరు ఆ మాట అంటుండగా చెయ్యి నడుం మీద ఉంటే నడుం లోతు, రొమ్ము మీద ఉంటే రొమ్ము లోతు. అయిదో గట్టు తెగిన రోజున ఎవరో నిలబడి లోతెంతో గట్టిగా అరిచారని, ఆ మాట విని నీళ్ళకి ఊపొచ్చిందని నూకాలమ్మ మామ్మ చెప్తుంది. ఈ ఊళ్ళో అందరికంటే పెద్దది ఆవిడ. నీళ్ళకి చెవులుంటాయని నేను నమ్మను. నమ్మనుగానీ నేనూ ఎప్పుడూ మోకాలి దాటి చెప్పలేదు.

లోతు అడిగితే అడిగింది, నాకు నచ్చనిది ఆ కన్ను. నేను నల్లబల్ల దగ్గర ఉన్నా, మూల కూర్చుని పెరుగన్నం తింటున్నా నన్నే చూస్తున్నట్టుంటుంది. తుమ్మజిగురు, పాత కేలెండరు ముక్కలు తెచ్చి ఇరవైమూడు కళ్ళూ అతికించేశాను.

"ఇంక అక్కకి మనం కనపడం కదండీ టీచరుగారూ?" అంది నీలవేణి, పెద్ద తప్పు జరిగిపోయినట్టు మొహం పెట్టి.

"కనపడక్కర్లేదు. దానికి మాటలు వినపడితే చాలు," అన్నాను.

భాద్రపద పౌర్ణమి

పెట్టెలు ఇళ్ళకి వెళ్ళాయి. పొద్దుపోయాక గట్టంతా పచ్చటి వెలుగు. నీలవేణి వాళ్ళ నాన్న ధర్మయ్య దాని వెలుగులో రొయ్యలు ఏరుతున్నాడు. ఇంకోచోట వల అల్లుతున్నారు. ఉప్పుగాలికి పిడులు బిగుసుకుపోతుంటే ఆడవాళ్ళు కొబ్బరినూనె రాస్తున్నారు. చదువు కోసం ఇచ్చినవాళ్ళు చూస్తే ఏమంటారో గానీ, ఇన్నాళ్ళకి గట్టు మీద ఒక్క వస్తువు అన్నిటికీ పనికొచ్చింది.

ఈ మధ్యాహ్నం లష్కరు పోలయ్య వచ్చాడు. వారానికోసారి మెరక నుంచి వచ్చి గట్లన్నీ చూసి పోయే మనిషి. ఇంటింటికీ వెళ్ళి "ఎంత లోతమ్మా?" అని అడుగుతాడు, మోకాలి లోతే అన్న మాట వింటాడు, చెయ్యి ఎక్కడుందో చూసుకుని పోతాడు. చేతులు నడుం దాటిన వారం పంపు పడవ వచ్చి ఊళ్ళో నీళ్ళు తోడి అవతల పోస్తుంది. ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది. ఇవాళ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నన్ను తీసేసేరండి టీచరుగారూ. ఇంక మనిషక్కర్లేదన్నారు."

"మరి గట్టు ఎవరు చూస్తారు?"

"అది సెప్పలేదండి. మా మేనల్లుడి టీకొట్లో కూర్చుంటానండి ఇంక."

ఇరవైమూడు లాప్‌టాప్‌లకి డబ్బులుంటాయి, ఒక్క లష్కరుకి ఉండవు. ఇందులో ఏదో ఉంది.

భాద్రపద బహుళ అష్టమి

ఇందులో ఏముందో తెలిసింది అనుకుంటున్నాను.

పక్క ఊరి గట్టువాళ్ళని ఖాళీ చేయించే ముందు కచేరీవాళ్ళు ఏడాదిపాటు కొలతలు తీసుకున్నారు. లోతు ఎక్కువైందని, మనుషులు ఉండడానికి పనికిరాదని తేల్చి, అందరినీ మెరక మీద గూళ్ళలో పెట్టారు. ఆ గదులు నేను చూశాను. పొయ్యి ముందు కూర్చుంటే కాళ్ళు గుమ్మం బయట ఉంటాయి. వేట లేదు, వల లేదు. మగవాళ్ళు మెట్లమీద కూర్చుని ఒకరినొకరు చూసుకుంటూ ముసలివాళ్ళయిపోయారు. మా అక్కా బావా ఆ గదుల్లోనే పోయారు.

ఇప్పుడు మా వంతు వచ్చింది. పెద్దవాళ్ళని అడిగితే అనుమానపడతారని పిల్లల చేతిలో బొమ్మ పెట్టి అడుగుతున్నారు. లష్కరుని తీసేశారంటే గట్టుమీద ఆశ వదిలేశారనే కదా అర్థం.

నూకాలమ్మ మామ్మతో అదే అన్నాను. ఆవిడ మెత్తళ్ళు ఎండబెడుతూ నవ్వింది. "మన పిల్లలేటి సెప్తన్నారు?"

"మోకాలి లోతే అంటున్నారు."

"మరింకేటి? పొడిగా ఉన్నోళ్ళని ఎవుడు లేపుతాడే?"

నిజమే. ఎవరూ నేర్పకుండానే పిల్లలు కచేరీని బోల్తా కొట్టిస్తున్నారు. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా నిద్రపట్టేలా ఉంది.

భాద్రపద అమావాస్య

పెద్ద పోటు. గట్టు నిలిచింది. వానలకి ఊళ్ళో చేరిన నీళ్ళు మాత్రం నడుం దాటాయి. నోటితో చెప్పకూడదుగానీ కాగితం మీద రాస్తే నీళ్ళకి వినపడదనుకుంటాను.

పంపు పడవ రాలేదు.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

ఇంకా రాలేదు. బడికి పిల్లలు దోనెల్లో వస్తున్నారు. లోపలి నీళ్ళకి గట్టు మట్టి నాని పిండిముద్దలా అవుతోంది. బయట నుంచి పోటు నెడుతుంది, లోపల నుంచి నాని జారుతుంది. రెండువైపులా నానిన గట్టు నిలవదని ఇక్కడ పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

సిగ్గు వదిలి పెట్టెనే అడిగాను. దినచర్య రాసే చోట "పంపు పడవ ఎప్పుడు వస్తుంది?" అని కొట్టాను. కాసేపటికి జవాబొచ్చింది. "మీ గట్టు సురక్షిత గట్ల వరుసలో ఉంది. ప్రస్తుతం పంపు అవసరం లేదు. అభినందనలు."

అభినందనలట. పంపు ఆపితే గట్టు తనంతట తనే పోతుంది, ఖాళీ చేయించారన్న చెడ్డపేరు వాళ్ళకి రాదు. ఎంత తెలివి! ఒళ్ళు మండిపోయి మూత ఠప్పున వేశాను. లోపల నుంచి "వెళ్ళొస్తాను" అంది ఆడగొంతు.

ఆశ్వయుజ పౌర్ణమి

నీలవేణి వాళ్ళింటి వెనక గట్టు బీటవారింది. రెండు పూటలుగా ఊరంతా మట్టిబస్తాలు అందిస్తూనే ఉన్నాం. బస్తాలయిపోయాక ధర్మయ్య తన వల తెచ్చి, అందులో మట్టి పోసి కట్టి, బీట మీద వేశాడు. వేటకి వెళ్ళడానికి అతనికి ఇంకో వల లేదు.

ఈ పోటు దాటాం. దీపావళి అమావాస్య పోటు ఏడాదిలోకల్లా పెద్దది. పంపు లేకుండా అది దాటలేం. ఇది నా అనుమానం కాదు, ఊరంతటి లెక్క.

బస్తాలు మోసిన చేతులతోనే పిల్లలు పొద్దున్న బడికొచ్చారు. పెట్టె అడిగింది. నీలవేణి రొమ్ము మీద చెయ్యేసుకుని "మోకాలి లోతే" అంది. మెరకవాళ్ళ ముందు ఎంత గుట్టుగా ఉందో అనుకుని దాని తల నిమిరాను.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

ఈరోజు పెట్టెలన్నీ ఒకేసారి చప్పట్ల చప్పుడు చేశాయి. డెల్టాలో అందరికంటే పొడిగా ఉన్న గట్టు మాదేనట. బడికి బహుమతి పంపిస్తున్నారట.

మొదట అది వెటకారం అనుకున్నాను. తర్వాత, మునిగేవాళ్ళ ఫొటో ఒకటి దాచుకోవడానికి వస్తున్నారేమో అనుకున్నాను. ధర్మయ్య మాత్రం "ఎవడొచ్చినా రానివ్వండి టీచరుగారూ. వొచ్చినోడిని పంపు వొచ్చేదాకా కదలనివ్వం, ఆయ్" అన్నాడు. అతనలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

బహుమతి తెచ్చిన కుర్రాడి పేరు అనిరుధ్. తెల్లచొక్కా, మెడలో కార్డు, చంకలో చెక్క షీల్డు. పడిపోయిన వెదురు కంచె అడ్డం వచ్చి అతని పడవ బడికి కాస్త ఇవతల ఆగింది. బడి మెట్లమీద మేమందరం నిలబడి ఉన్నాం.

"ఇక్కడ లోతెంతండీ?" అని అరిచాడు.

"మోకాలి లోతే బాబూ," అంది నూకాలమ్మ మామ్మ, చెయ్యి గొంతు మీద పెట్టుకుని.

ఆ చెయ్యి చూసినవాడెవడైనా పడవలోనే కూర్చుంటాడు. ఇతను పాంటు రెండు మడతలు పైకి మడిచి, షీల్డు పట్టుకుని చక్కా దిగాడు. షీల్డు తేలింది. ధర్మయ్య దూకి అతన్ని చొక్కా కాలరు పట్టుకుని పైకి తీసుకొచ్చాడు.

దగ్గు తగ్గాక అతను అడిగిన మొదటిమాట "మోకాలి లోతన్నారు కదండీ?"

"అంది. చెయ్యి చూడలేదా?" అన్నాను.

"ఏ చెయ్యండీ?"

వెనక్కి తిరిగి తరగతిలోకి చూశాను. వరసగా ఇరవైమూడు పచ్చపెట్టెలు, ఇరవైమూడు కేలెండరు ముక్కలు. ఆ పెట్టెలు రెండు నెలలుగా మా మాటే విన్నాయి. చేతిని చూసే దారి నేనే మూసేశాను.

పొడిపంచె కట్టించి, వేడి గంజి ఇచ్చి కూర్చోబెడితే అతను అంతా చెప్పాడు. పంపు పడవలు తక్కువ, గట్లు ఎక్కువ. పంపు కోసం పెద్దవాళ్ళు లోతు పెంచి చెప్తారని, లష్కర్లు రొయ్యలు పుచ్చుకుని దానికింకొంచెం కలుపుతారని కచేరీకి అనుమానం. పిల్లలు అబద్ధం చెప్పరని ఎవరికో తోచింది. అందుకని పిల్లల్ని అడుగుతున్నారు. పిల్లలు చెప్పిన లోతుని బట్టే ఇప్పుడు పంపు ఎక్కడికెళ్ళాలో తేలుతుంది.

"అంటే మామీద అనుమానంతో ఇచ్చినవా ఇవి?"

"చదువు కోసం కూడానండి," అన్నాడు గంజిలోకి చూస్తూ.

వాళ్ళు మమ్మల్ని అనుమానించి పెట్టెలిచ్చారు. నేను వాళ్ళని అనుమానించి పెట్టె కళ్ళు మూశాను. మధ్యలో నీళ్ళు ఎవరినీ అనుమానించకుండా పెరుగుతూ పోయాయి.

"ఇప్పుడు నువ్వు కళ్ళారా చూశావు కదా. చెప్పి పంపు తెప్పించు," అన్నాను.

"నా మాట లెక్కలోకి రాదండి. నేనూ పెద్దవాణ్ణే కదా. పెట్టె చెప్పాలి. రేపు పొద్దున్న అడుగుతుంది, అప్పుడు పిల్లలు ఉన్నదున్నట్టు చెప్తే సాయంత్రానికి పంపు వస్తుంది."

"నిజం చెప్తే మమ్మల్ని ఖాళీ చేయించరని ఏమిటి నమ్మకం?"

అతను గంజి గిన్నె కింద పెట్టాడు. "చేయించరని చెప్పలేనండి. గొంతు లోతు అంటే ఆ కాగితం రావచ్చు. కానీ చెప్పకపోతే కాగితం పుచ్చుకోడానికి కూడా ఇక్కడెవరూ ఉండరు."

అబద్ధం చెప్పి నా మనసు గెలవాలనుకోలేదు కుర్రాడు. అందుకు అతని మీద కోపం కాస్త తగ్గింది.

సాయంత్రం ఊరంతా బళ్ళో కూర్చున్నాం. పిల్లల చేత లోతు చెప్పిద్దామని నేనన్నాను. నూకాలమ్మ మామ్మ లేచి నిలబడింది. "అయిదో గట్టు మీద అరిసింది ఎవరో తెలుసేటి మీకు? మా ఆయన. జనాన్ని లేపుదామనే అరిసేడు. ఆడి నోట్లో మాట నోట్లోనే ఉంది, గట్టు తెగిపోయింది. ఆ మాట ఈ పసోళ్ళ నోట పలికిస్తావటే రాజమణీ?"

ఆవిడ ఏడవలేదు. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పట్టు వదల్లేదు. ఆయన అరవబట్టి కదా కొందరైనా లేచి బయటపడ్డారు అన్నాను. ఆవిడ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆశ్వయుజ బహుళ చతుర్దశి

పిల్లలందరూ వచ్చారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, గోడవారగా కూర్చున్నారు. అనిరుధ్ బయట పడవలో రేడియో దగ్గర కూర్చున్నాడు. పిల్లలకి ముందే చెప్పాను. ఇవాళ ఎంత ఉంటే అంత చెప్పండి, ఏమీ కాదు, నేనున్నాను అన్నాను.

పెట్టె అడిగింది. "ఇవాళ మీ ఇంటి దగ్గర నీళ్ళు ఎంత లోతున్నాయి?"

మొదటి వరసలో నీలవేణి. చెయ్యి లేచి గడ్డం కిందకి వెళ్ళింది. పెదవులు కదిలాయి. నావైపు చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ మామ్మవైపు చూసింది. దాని గొంతులోంచి వచ్చింది "మోకాలి లోతే."

అని భోరుమని ఏడ్చింది. "రాట్లేదండి టీచరుగారూ. సెప్దామనే అనుకున్నానండి."

పక్కవాడు, వాడి పక్కది, ఒక్కొక్కళ్ళూ అదే మాట. చేతులు మాత్రం రొమ్ముల మీద, గొంతుల మీద, గడ్డాల కింద. నేను పెట్టె దగ్గరకెళ్ళి పిల్లల బదులు నేనే చెప్దామనుకున్నాను. నోరు తెరిచాను. నీళ్ళకి చెవుల్లేవని ఇన్నేళ్ళు అందరితో వాదించిన దాన్ని, నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. భయం ఎంత లోతున ఉంటుందో అప్పుడు తెలిసింది.

అలా నిలబడి ఆ చేతులవైపు చూస్తూంటే బుర్రలో వెలిగింది. పిల్లలు నిజం చెప్తూనే ఉన్నారు. రోజూ చెప్తూనే ఉన్నారు. మార్చాల్సింది వాళ్ళ మాటని కాదు.

నీలవేణి పెట్టె మీదున్న కేలెండరు ముక్కని గోరుతో లాగాను. తుమ్మజిగురు కదా, సగమే వచ్చింది. చీర కొంగు తడిపి రుద్దాను. కన్ను బయటపడింది. "అందరూ పీకేయండి," అన్నాను. తడిగుడ్డలతో, ఉమ్ముతో, గోళ్ళతో పీకారు. పెద్దవాళ్ళు కూడా వంగి సాయం పట్టారు. అప్పుడు పిల్లల్ని మళ్ళీ చెప్పమన్నాను, రోజూ ఎలా చెప్తారో అలాగే చెప్పమన్నాను.

ఇరవైమూడు గొంతులు మోకాలి లోతే అన్నాయి. ఇరవైమూడు చేతులు ఇంకోమాట చెప్పాయి.

నేను గుమ్మంలోంచి అనిరుధ్‌కి సైగ చేశాను. అతను రేడియోలో కచేరీని పిలిచాడు. "మేడం, ఆరో గట్టు పిల్లల మాట వినకండి. బొమ్మ చూడండి. చెయ్యి ఎక్కడుందో చూడండి." అవతల ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. నిన్న తను ఎంత దాకా మునిగాడో చెప్పాడు. నూకాలమ్మ మామ్మ చెయ్యి ఎక్కడ పెట్టుకుందో, తను చూడకుండా ఎలా దిగాడో చెప్పాడు. తర్వాత చాలాసేపు రేడియోలో గరగర తప్ప ఏమీ వినపడలేదు.

చివరికి కచేరీ మేడం గొంతు వచ్చింది. "ఎన్ని పంపులు కావాలి?"

"ఎన్నుంటే అన్ని," అన్నాను నేను. అప్పుడు మాత్రం నోరు పెగిలింది.

ఆశ్వయుజ అమావాస్య

మూడు పంపులు వచ్చాయి. నిన్న సాయంత్రం నుంచి ఆపకుండా తోడుతున్నాయి. పోటు వచ్చి వెళ్ళింది. గట్టు ఒక్కచోట జారింది. నీలవేణి వాళ్ళిల్లు పోయింది. ఇంట్లోవాళ్ళు ముందే బళ్ళోకి వచ్చేశారు. పంపు ఒక్క పూట ఆలస్యమై ఉంటే జారేది ఒక్కచోట కాదు.

దీపాలు ఎవరూ పెట్టలేదు. పిల్లలే పెట్టెలన్నీ తెరిచి గట్టు మీద వరసగా పెట్టారు.

కార్తీక శుద్ధ విదియ

ఖాళీ చేయమని కాగితం ఇంకా రాలేదు. వస్తుందనే నా అనుమానం. వచ్చాక చూసుకుంటాం. పోలయ్యని మళ్ళీ పెట్టుకోమని రోజూ దినచర్యలో రాస్తున్నాను. "అంతా బాగుంది" అని రాయడం మానేశాను. బడి అయ్యాక పెట్టెల కళ్ళ మీద గుడ్డలు కప్పుతున్నాం. జిగురు మాత్రం వాడటం లేదు.

ఈ పొద్దున్న పెట్టె ప్రశ్న మారింది. "ఇవాళ మీ ఇంటి దగ్గర నీళ్ళు ఎంత లోతున్నాయి? చేత్తో చూపించండి." పిల్లలు ఉలిక్కిపడ్డారు. నూకాలమ్మ మామ్మ గుమ్మంలోంచి "ముండా పెట్టె, నేర్చేసుకుందే," అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు తెలియలేదు.

నీలవేణి నావైపు చూసింది. "మాకిల్లు లేదు కదండీ. ఏ ఇల్లు సెప్పమంటారు?"

"బడి మెట్ల దగ్గర ఎంతుందో చెప్పు. ఇప్పుడు నీ ఇల్లు ఇదే," అన్నాను.

మెట్ల కింద నీళ్ళు నిజంగానే దిగిపోయాయి. పిల్ల వంగి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని "మోకాలి లోతే" అంది. నోరూ చెయ్యీ ఒకే మాట చెప్పడం ఈ రెండు నెలల్లో ఇదే మొదటిసారి.

"మరోసారి చూపిస్తావా?" అంది పెట్టె.

మళ్ళీ చూపించింది.

"సరిగ్గా చూసి చెప్పు," అంది ఆడగొంతు. పిల్లలు పకపకా నవ్వారు. అది నమ్మడం లేదు. నోరు మోకాలంటే చెయ్యి ఇంకెక్కడో ఉండాలని నేర్చుకున్నట్టుంది, రెండూ కలిస్తే దానికి అనుమానం వచ్చింది. నా జన్మలో ఒక యంత్రం మీద నాకు ఇంత అభిమానం కలగలేదు.

పిడి పట్టుకుని పెట్టెని ఎత్తుకున్నాను. మెట్లు దిగి, చీర పైకి దోపుకుని నీళ్ళలో నిలబడ్డాను. దాని కన్ను కిందకి, నా మోకాళ్ళవైపు తిప్పాను.

"చూసుకో," అన్నాను.